లైను లారీ నుంచి లోకల్ బండికి: గోదావరి డెల్టాలో డ్రైవరు చూసుకోవలసిన లెక్కలు

గోదావరి డెల్టాలో లారీ నడపడం నేర్చిన మనిషికి దేశమంతా తిరిగే పని ఊళ్లోనే ఎదురవుతుంది. భీమవరం, ఆకివీడు, ఉండి చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన చేప ఐసు మధ్య సర్దుకుని హౌరాకూ గువాహటికీ పోతుంది. అంబాజీపేట కొబ్బరి ఉత్తరాది రాష్ట్రాలకు, తణుకు కోడిగుడ్లు ఒడిశా, బెంగాల్ వైపుకు, కడియం నర్సరీల మొక్కలు ఎక్కడ గిరాకీ ఉంటే అక్కడికి వెళ్తాయి. కోల్‌కతా వైపు వెళ్లే లారీ వెయ్యి కిలోమీటర్లకు పైగా, గువాహటి వెళ్లేది రెండు వేల కిలోమీటర్లకు పైబడి నడవాలి. ఇరవయ్యో ఏట క్లీనరుగా ఎక్కి, పాతికేళ్లకు స్టీరింగు పట్టుకున్న వ్యక్తికి నలభై దాటేసరికి ఒక ఆలోచన మొదలవుతుంది: లైను అని పిలిచే ఈ దూరాలు మానేసి, పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరే బండి ఏదైనా చూసుకుంటే ఎలా ఉంటుంది?

ఈ ఆలోచన పైకి చెప్పినప్పుడు ఇంట్లోవాళ్లు, తోటి డ్రైవర్లు చేసే చర్చ సాధారణంగా జీతం దగ్గర మొదలై జీతం దగ్గరే ముగుస్తుంది. లోకల్ బండికి డబ్బు తక్కువ, అయితే ఇంటిపట్టున ఉండవచ్చు, అంతే తేడా అని తేల్చేస్తారు. డెల్టా పరిస్థితుల్లో ఈ లెక్క సగమే నిజం. ఇక్కడి లోకల్ పనుల్లో చాలా భాగం చెరువు, చేను, కాలువ, వరద నిర్ణయించే వేళలకు కట్టుబడి నడుస్తాయి. కిలోమీటర్లు తగ్గినంత మాత్రాన పనిగంటలు తగ్గవు, రాత్రి నిద్ర తిరిగి వస్తుందన్న హామీ కూడా లేదు. అందువల్ల ఎంత దూరం అని అడగడానికి ముందే, ఏ సరుకు, దాని వేళ ఎవరి చేతిలో ఉంది అని అడగవలసి ఉంటుంది.

దూరపు లారీ మనిషిని ఎందుకు అలసగొడుతుందో ముందు చూడాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు చేత రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదని, దూరప్రయాణాల వంటి సందర్భాల్లో దీన్ని రోజుకు 10, వారానికి 54 గంటల వరకు పెంచవచ్చని నిర్దేశించింది. అయిదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా చెప్పింది. అయితే అది అయిదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలను దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టం కావడంతో, ఒకటి రెండు లారీలున్న యజమాని దగ్గర పనిచేసే డ్రైవరుకు ఆ రక్షణ కాగితం మీద కూడా దక్కలేదు. తర్వాత అది 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. ఈలోగా రోడ్డు మీద పరిస్థితి మరో దిక్కుగా మారింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్ర సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. సరుకు వెంట ఉండవలసిన ఈ-వే బిల్లు గడువును 2021 జనవరి నుంచి రోజుకు 100 కిలోమీటర్ల బదులు 200 కిలోమీటర్ల చొప్పున లెక్కిస్తున్నారు, అదే ఏడాది ఫిబ్రవరిలో టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరైంది. ఇవన్నీ వ్యాపారానికి మంచి మార్పులే. కానీ బండి ఆగవలసిన చోట్లు తగ్గేకొద్దీ, అక్కడ డ్రైవరు తీసే కునుకు కూడా తగ్గింది. ఐసు కరిగేలోగా వేలం వేళకు చేరవలసిన చేపల లారీలో ఈ ఒత్తిడి మరీ ఎక్కువ. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు కాబట్టి కొత్త బండి దొరికినవారికి వేడి బాధ తప్పుతుంది, పాత బండి మీద ఉన్నవారికి ఆ ఊరట లేదు.

నడుము నొప్పి, షుగరు, వేళాపాళా లేని తిండి, పిల్లల చదువు, ముసలి తల్లిదండ్రులు అనే కారణాలు అందరికీ తెలిసినవే. వాటిని వివరించే పని లేదు. వివరించవలసింది అవతలి వైపు ఏముందన్నది.

డెల్టాలో లోకల్ డ్రైవింగు అంటే మొదట గుర్తొచ్చేది ఆక్వా, అంటే చేపలు, రొయ్యల సాగు. చెరువులకు మేత తోలే లారీలు, సీడు (రొయ్య పిల్ల) తెచ్చే వ్యాన్లు, ఐసు బళ్లు, పట్టుబడి (చెరువులో వల వేసి పట్టడం) అయిన రొయ్యను ప్రాసెసింగు ప్లాంటుకు చేర్చే బళ్లు అన్నీ ఈ కోవలోవే. 2009లో వనామీ రొయ్యను దేశంలోకి అనుమతించిన తర్వాత ఈ రవాణా ఎంతో పెరిగింది. ఇందులో మేత లారీది పగటి పని, గోడౌను నుంచి చెరువుకు వెళ్లి బస్తాలు దించి రావడమే. పట్టుబడి బండి సంగతి అలా ఉండదు. ఎండ ముదిరితే సరుకు దెబ్బతింటుంది కనుక అర్ధరాత్రి దాటాకనో తెల్లవారుజామునో వల వేస్తారు. ఏ చెరువుకు వెళ్లాలో డ్రైవరుకు సాయంత్రం ఫోనులో తెలుస్తుంది. ముందు ఐసు ఫ్యాక్టరీ దగ్గర వరుసలో నిలబడి ఐసు ఎక్కించుకోవాలి, ఖాళీ ట్రేలు సర్దుకోవాలి, ఆ తర్వాత పుంత రోడ్డు మీదుగా గట్టు దాకా చేరాలి. వల లాగాక కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో చూసే కౌంటు దగ్గర రైతుకూ కొనుగోలుదారుకూ మాట తేలాలి. అది తేలేదాకా బండి గట్టు మీదే. కాటా, కడుగుడు, ఐసు వేయడం పూర్తయి ప్లాంటు చేరేసరికి అక్కడ ముందే వచ్చిన బళ్లు ఉంటాయి. చివరకు నడిచింది పది ఇరవై మైళ్లే అయినా, రాత్రి తొమ్మిదికి ఇల్లు విడిచిన మనిషి మర్నాడు మధ్యాహ్నానికి గానీ భోజనానికి కూర్చోడు. హౌరా దారిలో కనీసం ఏ ధాబా దగ్గర ఆగాలో తన చేతుల్లో ఉండేది, ఇక్కడ అదీ ఉండదు.

ఈ రంగానికి మరో గుణం ఉంది. రొయ్య ధర ఎక్కడో నిర్ణయమవుతుంది. 2025 ఆగస్టులో భారతదేశపు సరుకుల మీద అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ ఎగుమతిదారుతో ఆగలేదు. రైతు చెరువులో పిల్ల వేయడానికి వెనకాడితే మేత లారీకి లోడు తగ్గుతుంది, మేత తగ్గితే కొన్ని నెలల తర్వాత పట్టుబడి బండికి పని తగ్గుతుంది. నెలజీతం మీద ఉన్న డ్రైవరు దీన్ని కొంత ఆలస్యంగా చూస్తాడు, ట్రిప్పు లెక్కన పనిచేసేవాడికి ఆ వారంలోనే తెలిసిపోతుంది. వైరసు సోకి ఒక ప్రాంతంలో చెరువులన్నీ ఒకేసారి ముందుగా పట్టేస్తే, పది రోజులు నిద్ర లేకుండా పని, ఆ తర్వాత నెల ఖాళీ.

ధాన్యం రవాణా ఇంకో తరహా. సార్వా (ఖరీఫ్) కోతలు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా (రబీ) కోతలు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. ఆ కాలంలో లారీలకూ ట్రాక్టర్లకూ డ్రైవర్లు దొరకరు. కళ్లం నుంచి మిల్లుకు దూరం తక్కువే అయినా, ప్రభుత్వ కొనుగోలులో తేమ 17 శాతం లోపు ఉండాలన్న నిబంధన దగ్గర చాలా ట్రిప్పులు చిక్కుకుంటాయి. మిల్లు దగ్గర తేమ ఎక్కువ చూపిస్తే రైతు, మిల్లరు, కొనుగోలు కేంద్రం సిబ్బంది మధ్య వాదన నడుస్తుంది, బస్తాలతో నిండిన బండి గేటు బయట ఉంటుంది. ఆకాశంలో మబ్బు పట్టిందంటే ఆ వరుస ఇంకా పొడవవుతుంది. ఇలా ఆగిన రోజుకు హాల్టింగు డబ్బు బండి యజమానికి వస్తుందా, వస్తే అందులో డ్రైవరు వాటా ఎంత అన్నది సీజను మొదట్లో మాట్లాడుకున్నవారికి దక్కుతుంది. మధ్యలో అడిగినవారికి దక్కడం అరుదు.

నిజంగా వేళకు ఇల్లు చేర్చే పనులు బడుల, కాలేజీల బస్సులు, ప్లాంట్లలో పనిచేసే ఆడవాళ్లను ఊళ్ల నుంచి తీసుకువెళ్లే కంపెనీ బస్సులు, ఆర్టీసీ అద్దె బస్సులు. లారీ నడిపిన చేయి వీటికి పనికొస్తుంది, కానీ సరుకు బండికీ ప్రయాణికుల బండికీ లైసెన్సులో అనుమతులు వేరు కనుక బస్సు నడిపే అనుమతి తన లైసెన్సులో ఉందో లేదో ముందుగా రవాణా కార్యాలయంలో చూసుకోవాలి. బడి బస్సులో ఉదయం రెండున్నర గంటలు, సాయంత్రం రెండున్నర గంటలు పని, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో బడివాళ్లు ఇతర పనులు చెబుతారా, వేసవి సెలవులకు జీతం ఇస్తారా అన్న రెండు ప్రశ్నలు జీతం ఎంత అన్న ప్రశ్నతో సమానమైనవి. కొన్ని చోట్ల పది నెలల జీతమే ఇస్తారు. పన్నెండు నెలలకు పంచి చూసుకుంటే మొదట చెప్పిన అంకె బాగా కుంగుతుంది.

ఇక చిన్న బళ్ల మాట. ట్రాలీ ఆటోలు, మినీ వ్యాన్లు, పికప్‌లు ఈ రోజు అమలాపురం, పాలకొల్లు, తాడేపల్లిగూడెం బజార్లలో సరుకు పంపిణీకి ప్రధాన ఆధారం. హెవీ లైసెన్సు ఉన్నవాడికి ఇవి తేలికగా దొరుకుతాయని అనుకోవడం సహజం. ఇక్కడొక చిక్కుంది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని నడపడానికి లైట్ మోటారు వాహన లైసెన్సు సరిపోతుందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. ఇది లక్షల మంది చిన్న బండి డ్రైవర్లకు మేలు చేసిన తీర్పు. ప్రమాద బీమా దగ్గర ఏళ్ల తరబడి నడిచిన తగాదాను అది తీర్చింది. అయితే లైను దిగి వచ్చిన డ్రైవరు వైపు నుంచి చూస్తే, కారు లైసెన్సు ఉన్న ప్రతి కుర్రాడూ ఆ బండికి పోటీదారే. ఇరవై ఏళ్ల హెవీ అనుభవానికి అక్కడ అదనంగా ఇచ్చేది ఏమీ ఉండదు. పైగా ఆ పనిలో డ్రైవరే సరుకు దించాలి, బిల్లు మీద సంతకం తీసుకోవాలి, డబ్బు వసూలు చేయాలి, సాయంత్రం లెక్క అప్పజెప్పాలి. నడుము నొప్పి వల్ల లైను మానుకున్న మనిషి రోజంతా బస్తాలు, క్రేటులు ఎత్తే పనిలో పడడం మంచి మార్పు అనిపించుకోదు. హెవీ లైసెన్సుకు విలువ నిలిచేది టిప్పరు, ట్యాంకరు, బస్సు, మిల్లు లారీ వంటి చోట్లే.

డబ్బు లెక్కకు వస్తే, లైను డ్రైవరుకు తన ఆదాయం తనకే సరిగా తెలియకపోవడం మొదటి ఇబ్బంది. ట్రిప్పు డబ్బు లేదా జీతం, రోజుకు బత్తా, దారి ఖర్చులకు తీసుకున్న అడ్వాన్సులో మిగిలింది, డీజిల్ లెక్కలో మిగిలింది అన్నీ కలిసి ఒక ముద్దగా చేతికి వస్తాయి. అందులోంచే తిండి, స్నానం, పంక్చరు, మామూళ్లు, ఫోను రీచార్జి పోతాయి. ఈ మొత్తాన్ని లోకల్ జీతంతో పోలిస్తే లైను ఎప్పుడూ గొప్పగానే కనబడుతుంది. ఇంటికి ఎంత చేరిందన్నది అసలు అంకె, అది డ్రైవరు కన్నా ఇంటి ఇల్లాలికి కచ్చితంగా తెలుసు. ఎందుకంటే డ్వాక్రా వాయిదా, చీటీ, బడి ఫీజు, కిరాణా బాకీ ఆమె చేతి మీదుగా జరుగుతాయి. కనీసం మూడు నాలుగు నెలలు ఇంటికి చేరిన సొమ్మును ఒక పుస్తకంలో రాసుకుని, దాని పక్కన లోకల్ జీతం పెట్టి చూస్తే తేడా చాలామంది అనుకున్నంత ఉండదు. కొందరికి మాత్రం నిజంగానే పెద్ద లోటు కనబడుతుంది. అలాంటివారు ఇంటి అప్పు ఏదైనా తీరేదాకా ఆగడమో, విశాఖపట్నం, హైదరాబాదు దాకా రాత్రికి వెళ్లి మర్నాడు తిరిగి వచ్చే మధ్యస్థ దూరాల బండి చూసుకోవడమో మంచిది.

జీతం అంకె వెనక మరొకటి ఉంది, డ్రైవర్లు చాలా తక్కువగా అడిగేది అదే. 20 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్లాంటు, మేత ఫ్యాక్టరీ, పెద్ద విద్యాసంస్థ వంటి చోట్ల భవిష్యనిధి (పీఎఫ్) ఉండాలి. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం ప్రకారం 58 ఏళ్లకు నెలవారీ పింఛను రావాలంటే కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. అంటే జీవితంలో ఎన్నడూ పీఎఫ్ లేని లైను డ్రైవరు 48 ఏళ్ల లోపు అలాంటి ఉద్యోగంలో చేరితేనే ఆ పదేళ్లు పూర్తవుతాయి. యాభై దాటాక చేరితే చందా సొమ్ము తిరిగి వస్తుంది, పింఛను రాదు. 2014 సెప్టెంబరు తర్వాత కొత్తగా చేరేవారి మూలవేతనం 15,000 రూపాయలు దాటితే పింఛను పథకంలోకి తీసుకోరు కాబట్టి, జీతం చీటీలో మూలవేతనం ఎంత, అలవెన్సులు ఎంత అని కూడా చూడాలి. 10 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థల్లో 21,000 రూపాయల లోపు జీతానికి ఈఎస్ఐ వైద్య బీమా వర్తిస్తుంది, షుగరు, బీపీ మందులు కొనే ఇంటికి అది చిన్న విషయం కాదు. నలభై అయిదేళ్ల డ్రైవరు ముందు రెండు ఉద్యోగాలుంటే, నెలకు రెండు మూడు వేలు తక్కువైనా పీఎఫ్ కట్టే ఉద్యోగం వైపే మొగ్గడం సరైన నిర్ణయం.

సొంత బండి కొనుక్కుని లోకల్‌లో తిప్పుకుందామన్న ఆశ కూడా బలంగా ఉంటుంది. దీనికి ఈ మధ్య జరిగిన ఒక ఉదాహరణ చాలు. 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ అందించడానికి రాష్ట్ర ప్రభుత్వం 9,260 మొబైల్ వాహనాలు ప్రారంభించింది. వాటిని నడిపే ఆపరేటర్లకు అది సొంత ఊళ్లో నికరమైన పని. 2025 జూన్ 1 నుంచి ఆ విధానాన్ని ఎత్తేసి రేషన్ దుకాణాల నుంచే పంపిణీ మొదలుపెట్టారు. పథకం మంచి చెడ్డలు అటుంచితే, ఒకే గిరాకీదారు మీద ఆధారపడ్డ బండికి ఆ గిరాకీ తప్పుకుంటే ఏమవుతుందో అందులో కనబడింది. 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైనప్పుడు ఆటోవాళ్లకు జరిగింది కూడా ఇలాంటిదే. ప్రభుత్వం అక్టోబరులో వారికి 15,000 రూపాయల చొప్పున సాయం అందించవలసి వచ్చింది. ఫైనాన్సు మీద బండి తీసుకునేవారు కనీసం ఇద్దరు ముగ్గురు వేర్వేరు రకాల గిరాకీదారులను ముందే కుదుర్చుకోవడం అవసరం.

డెల్టా రోడ్లు హైవే చేతికి కొత్త పాఠం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక విస్తరించిన కాలువల వెంబడి, వాటి గట్ల మీదే ఇక్కడి రోడ్లలో చాలా భాగం ఏర్పడ్డాయి. ఒకవైపు నిండు కాలువ, మరోవైపు బోదె, మధ్యలో ఒక లారీ, ఒక ట్రాక్టరు అతి కష్టం మీద తప్పుకోగల వెడల్పు, పిట్టగోడ లేని మలుపులు, కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, బడి వదిలిన వేళ సైకిళ్లు. వాన పడిన మర్నాడు చెరువు గట్టు అంచు పైకి గట్టిగా కనబడుతూనే టైరు కింద కుంగుతుంది. లోడుతో గట్టు మీద వెనక్కి తీయడం నాలుగు వరసల రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లు నడిపినవాడికి తనంతట రాదు. మొదటి కొద్ది వారాలు ఆ దారి తెలిసిన పాత డ్రైవరు పక్కన కూర్చోవడాన్ని చిన్నతనంగా అనుకోకూడదు.

జులై, ఆగస్టుల్లో వరద వస్తే లంకల (నది మధ్య దీవుల) వైపు పని నిలిచిపోతుంది. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి నీట మునిగి పడవలే దిక్కవుతాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చినప్పుడు కోనసీమలో లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. రోజుకూలి లెక్కన బండి నడిపేవాడికి అలాంటి రోజులు ఆదాయం లేని రోజులే. అంతకుముందు అతను ఒడిశా దారిలో ఉంటే ఆ వరద గురించి ఫోనులో విని కంగారు పడేవాడు. ఇప్పుడు ఇంట్లో సామాను అటకెక్కించడానికి తాను ఉంటాడు. ఈ లాభానికి జీతం చీటీలో చోటు లేదు గానీ, ఏ కుటుంబాన్ని అడిగినా దాని విలువ చెబుతుంది.

మారదలచినవారు చేయవలసిన పనుల్లో పాత యజమాని దగ్గర అడ్వాన్సు తీర్చి లెక్క చెల్లు రాయించుకోవడం మొదటిది. హామీగా అతని దగ్గర పెట్టిన అసలు లైసెన్సు ఉంటే వెనక్కి తీసుకోవాలి. లోకల్ చిన్న బండిలో కుదిరినా హెవీ లైసెన్సును వదులుకోకూడదు. 2019 సవరణ తర్వాత రవాణా లైసెన్సు గడువు అయిదేళ్లు. గడువు ముగిసిన తర్వాత ఏడాది దాటితే రెన్యువల్‌కు మళ్లీ డ్రైవింగు పరీక్ష పెడతారు. ఈ లైసెన్సు చేతిలో ఉన్నవారికి డెల్టా పంటల కాలెండరు ఒక వెసులుబాటు ఇస్తుంది. బడులు మూతపడే ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం వరకు సెలవుల్లో ఎక్కువ భాగం దాళ్వా ధాన్యం మిల్లులకు తోలే రోజులతో కలుస్తుంది. వేసవి జీతం ఇవ్వని బడిలో బస్సు నడిపే డ్రైవరు, ఆ నెలల్లో వేరే బండి ఎక్కడానికి యాజమాన్యం నుంచి ముందుగానే కాగితం మీద ఒప్పుదల తీసుకుని ఉంటే, ధాన్యం లారీ మీద ఆ లోటు పూడ్చుకోవచ్చు.